మునగని కథానాయిక

తెనాలి, 1968, శనివారం రాత్రి

ఈ పేజీ తెరిచిన పెద్దమనిషీ, నువ్వూ దొంగ ఏడుపులవాడివే. పేరున్న ఒక పాత నవల ఆధారంగా తీసిన మూకీ సినిమా రీళ్ళు పోయాయని ఏడుస్తావు గానీ, అందులో నటించిన మనిషి బతికుందా అని ఒక్కసారైనా అడగవు.

అందులో వితంతువు వేషం వేసిన వీరమ్మను ఇవాళ రేపల్లె నుంచి బస్సులో తీసుకొచ్చాను. ఇక్కడ ఆ నవలాకారుడి సంస్మరణ సభలో అధ్యక్షుడు గొంతు వణికిస్తూ, "నవలలోలాగే సినిమాలోనూ ఆ సాధ్వి కృష్ణలో మునిగి పరువు నిలుపుకుంది" అన్నాడు.

వెనక బెంచీ మీద నుంచి వీరమ్మ లేచింది.

"లేదండి బాబూ. కొల్లూరు రేవులో దూకమన్నారు, దూకా. మునగమన్నారు. వలేసేవాళ్ళ పిల్లని, నాకు మునగటం ఎట్టా వచ్చుద్దండి? ఈదుకుంటా అవతల లంకెక్కా. రీలు అయిపోయిందంట, అదే ఉంచేశారు. టెంటు సినిమాలో ఆడోళ్ళు ఈలలేశారండి!"

సభ నవ్వింది. అధ్యక్షుడు మాత్రం నా చెవిలో, "చేపలమ్ముకునేదాని మాటేంటండి, నవల ఉందిగా" అన్నాడు. రేపు అచ్చుకు వెళ్ళే సంస్మరణ సంచికలో, నా వ్యాసం పక్కనే, ఆమెను ముంచేస్తారట. థూ! కాదని చూపించే రీలు లేదన్న ధైర్యం.

బస్సెక్కుతూ ఆమె, "మళ్ళీ ఈదాలా బాబూ?" అంది. ఇంటికొచ్చి కలం తీశాను.

పొద్దున్నే సంపాదకుడితో అనాల్సినవి:
ముగింపు ఆమె చెప్పినట్టే వేయాలి.
నవలాకారుడి పేరు పక్కన ఆమె పేరు ఉండాలి.
సాధ్వి అన్న మాట కొట్టేయాలి.
వచ్చే సభలో ఆమె కుర్చీ వేదిక మీద వేయాలి.
కుదరదంటే నా వ్యాసం నాకు తిరిగి ఇచ్చేయాలి.