నొప్పి మాత్ర ఆపలేని కబురు

శుక్రవారం, రాత్రి

నిద్ర పట్టడం లేదు. రమణమ్మ వేళ్ళే కళ్ళముందు ఆడుతున్నాయి. రాయచోటి మనిషి, రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటావిడను మామా అంటుంది. సెలవు దొరికిన శుక్రవారమల్లా మా మందుల షాపుకొచ్చి నొప్పి మాత్రలు కొంటుంది. గుడ్డలు పిండే పని వల్ల నొప్పులనుకుని ఆరు నెలలుగా ఇస్తూ వచ్చాను. తెలుగు మనిషి కదా అని కబుర్లు చెప్పానే తప్ప అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు.

ఈరోజు మాత్రల షీటు కూడా నొక్కలేకపోయింది. రెండు చేతుల కణుపులూ ఒకేలా వాచాయి.

"తెల్లారి లేస్తానే గంటసేపు యేళ్ళు ముడుచుకోవక్కా. మాత్ర మింగితే మామా లేసేలోగా పనిలో పడతా."

అప్పుడు తట్టింది, ఇది కీళ్ళవాతమేమో. అదే అయితే ఆ కీళ్ళలో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ లాంటి అణువులు వాపు కబురు మోస్తూనే ఉంటాయి. అది అందుకున్న మృదులాస్థి కణాలు తామున్న మృదులాస్థినే కరిగించే ఎంజైములు వదులుతాయి. నా మాత్ర నొప్పిని తగ్గిస్తుంది గానీ ఆ కబురును ఆపదు. ఆపే మందులున్నాయి, డాక్టరు రాయాలి.

అదే చెప్పాను.

"డాక్టరు కాడికి పోతే మామాకు తెలుస్తాది. ఊరికి పంపిస్తే ఇఖామా ఖలాస్ గదక్కా" అంది. ఇక్కడ ఉండి పనిచేసుకునే అనుమతే పోతుందని ఆమె భయం.

వాదించాను, కసురుకున్నాను కూడా. ఆమె కదల్లేదు. చివరికి పది మాత్రలూ ఒక్కొక్కటే నొక్కి తీసి, మూత తేలిగ్గా వచ్చే డబ్బాలో పోసి ఇచ్చింది నేనే.