కొబ్బరికాయలతో బయల్దేరిన బ్యాటరీ కారు

బావగారూ,

నిన్న మధ్యాహ్నం అక్క కొన్న బ్యాటరీ కారు పలివెలలో ఆగిపోయింది. అమలాపురంలో ఇలాంటిది ఇదొక్కటే. మీరు పోయాక, జొన్నాడలో మీ చెల్లెలి ఇంటికి వెళ్లాలంటే ప్రతిసారీ ఎవరినో బతిమాలాల్సి వస్తోందని కొనుక్కుంది. దారిలో ఒక్కసారి ఆగినా అమ్మేద్దామని కొన్నప్పుడే అన్నాను. ఒప్పుకుంది.

ముందురోజు రాత్రి కరెంటు పోయి ఛార్జింగ్ సగమే ఎక్కింది. పైగా, మీరు జీపులో తీసుకెళ్లినట్టే, వెనకసీటు నిండా కొబ్బరికాయలు. బరువైతే ఎక్కువ దూరం పోదని అమ్మినవాళ్లు ముందే చెప్పారు.

"ఆడపడుచు ఇంటికి చేతులూపుకుంటూ వెళ్లమంటావేంట్రా?" అంది అక్క.

కారు ఆగినచోట రోడ్డు పక్కనున్న ఇంటావిడ వరండాలో ప్లగ్గు చూపించింది.

"ఎంతసేపు పడుద్దండీ?"

"సాయంత్రం దాకా అండీ," అంది అక్క మొహమాటంగా.

"ఆయ్! అయితే భోంచేసి నడుం వాల్చండి. కారొక్కటే తింటే ఎలాగండీ?"

అక్క చాలాకాలం తర్వాత గట్టిగా నవ్వింది. సగం కాయలు అక్కడే దింపేసింది. చీకటి పడేలోగా జొన్నాడ చేరాం.

అమ్మే మాట నేను మళ్లీ ఎత్తలేదు. వచ్చే ఆదివారం అక్క ఒక్కతే వెళ్తుంది. పలివెలలో ఆవిడ భోజనానికి రమ్మంది. కొబ్బరికాయలు మాత్రం నేను బస్సులో తేవాలట.