అగిమ్ ఇంట్లో కాఫీ

హాంబర్గ్, నవంబరు 16, ఆదివారం

పై అంతస్తులో ఉండే అల్బేనియన్ అగిమ్ తల్లి పోయింది. పరామర్శకు వెళ్ళాను. వాళ్ళలో చావింటికి వచ్చినవాళ్ళకు చక్కెర లేని కాఫీ ఇస్తారు. దాన్ని తాగడమే ఓదార్పు; వద్దంటే మనసులో పగ ఉన్నట్టు లెక్క. ఒక్క పుస్తకం తెరవని మన తెలుగు సంఘం వాళ్ళకు ఈ సంగతి మీద ఉపన్యాసాలు దంచినవాణ్ణి నేను. తీరా కప్పు ముందుకొచ్చేసరికి, చావింట ఏమీ ముట్టకూడదన్న మా అమ్మ మాటే అడ్డుపడింది. వద్దన్నాను. గోడవారగా కూర్చున్న మగవాళ్ళంతా మాటలు ఆపేశారు.

అగిమ్ గుమ్మం దాకా వచ్చాడు. "డాక్టర్, కింద నేలమాళిగలో కెల్లర్ గది కోసం మనం పడ్డ గొడవ ఇంకా మనసులో ఉందా మీకు? ఏడేళ్ళయింది. ఇవాళైనా వదిలేయలేరా?" అన్నాడు.

ఇది మా ఆచారమని ఒక్క మాట చెబితే సరిపోయేది. అతని ముఖం వాడిపోవడం బాగుందనిపించి, చెప్పకుండానే మెట్లు దిగాను.