ఊరి వైపు తిరిగిన పునీతుడు

చెల్లీ బ్లాజెనా,

ఈ ఏడు చెరువు నీళ్ళు వదిలేసి చేపలు పట్టే పండక్కి పిల్లల్ని తీసుకురావద్దు. కోప్పడకు, విను.

గట్టు మీది పునీత యాన్ విగ్రహం ఎప్పుడూ నీళ్ళనే చూస్తుండేది కదా. ఈ వానలకు కింద నేల కుంగి, మెల్లగా ఊరి వైపు తిరిగింది. ఇప్పుడు మన ఇళ్ళ కప్పుల్ని చూస్తోంది. బీరు కొట్లో మగాళ్ళు, "చేపల్ని చూసి చూసి ఆయనకీ విసుగొచ్చిందిరా!" అని ఒకటే నవ్వులు.

నిన్న బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగితే చీలమండల దాకా నీళ్ళు. అందులో వేలెడంత కార్ప్ చేపపిల్ల ఈదుతోంది. చెరువెక్కడ, మన ఇల్లెక్కడ! చెరువు కాపరి హీనెక్‌ని పిలిచి చూపించాను.

"క్రిస్మస్‌కి వండుకునే చేప ముందే వచ్చిందక్కా, పెంచుకో. ముత్తాతల నాటి గట్టు, దానికేం కాదు. ఇప్పుడే నీళ్ళు వదిలేస్తే ఎలా, చేపలు బరువెక్కొద్దూ?" అన్నాడు. నా మొహం మాత్రం చూడలేదు.

అయినా నమ్ముదామనే అనుకున్నాను. ఈ ఉదయం హీనెక్ వాళ్ళావిడ కోళ్ళ గంపలూ, పసిదాని ఉయ్యాలా బండికెత్తుకుని కొండ మీది చర్చి దారి పట్టింది. ఎక్కడికమ్మా అని అడిగాను.

"కోళ్ళకి గాలి మార్పు కోసం" అంది, నవ్వకుండా.

నీ అక్క