క్లైడ్‌కి ఇచ్చిన పది తూటాలు

మార్లిస్,

షెడ్డులో బల్ల మీదున్న తుపాకీ మందు డబ్బాలు రెండూ ముట్టుకోకు. మీ తమ్ముడు క్లైడ్ ఫోన్ చేస్తే, మరో మాట లేకుండా, నేనిచ్చిన తూటాలు పేల్చొద్దని చెప్పు. వేటకని కొండెక్కాడు, అక్కడ వాడికి సిగ్నల్ లేదు. నేను వాడి కోసమే వెళ్తున్నాను.

బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉండాలని నీకు వందసార్లు చెప్పినవాణ్ణి నేనే. నిన్న రెండు పెట్టాను. కొలపాత్రలో మిగిలిన పిస్టల్ మందును తిరిగి పోస్తూ రైఫిల్ మందు డబ్బాలో పోసేశాను. రెండూ చూడ్డానికి ఒకే రకం బూడిదరంగు పలుకులు, కానీ పిస్టల్ మందు చాలా వేగంగా మండుతుంది, రైఫిల్ దాన్ని తట్టుకోలేదు. తూటాలు నింపితే ఎప్పుడూ తక్కువ తూకం మందుతో మొదలుపెట్టి, నేను పేల్చి చూశాకే ఇంకొకరికి ఇస్తాను. నిన్న మాత్రం, "బావా, నువ్వు తూచే లోపు ఆ ఎల్క్ దుప్పి ముసలిదై చస్తుంది!" అని క్లైడ్ ఒకటే నవ్వు. ఆ డబ్బాలోంచి నింపిన పదీ, పేల్చి చూడకుండానే వాడి చేతిలో పెట్టేశాను.

ఇవాళ పొద్దున అదే మందును అన్నిటికంటే తక్కువ తూకంతో నింపి ఒకటి పేల్చాను. లోపలి ఒత్తిడికి తుపాకీ బోల్టు బిగుసుకుపోయి, సుత్తితో కొడితే గాని తెరుచుకోలేదు. వాడి తూటాల్లో అంతకంటే ఎక్కువే ఉంది. తుపాకీ వాడి మొహం మీదే పగులుతుంది.

రాత్రి భోజనానికి మూడుసార్లు పిలిచావు. మొదటిసారే లేచి రావాల్సింది.

ఆరెన్

ఇది రాస్తుండగానే కొండవైపు నుంచి ఒక తుపాకీ మోత వినిపించింది. మూడు పేలిస్తే గాని దేన్నీ కొట్టలేడని నువ్వు వాణ్ణి ఏడిపిస్తావు కదా. బండి తాళాలు వెతుక్కుంటూ చెవులు రిక్కించి విన్నాను. రెండోది రాలేదు.