మిల్లు తెరిచే మాట నిజమే

నూజెండ్ల

ఒరేయ్ మస్తానూ,

ఫోన్లో చెబితే ఎగతాళనుకుని పెట్టేస్తావని కాయితం మీద రాస్తున్నా. మన పత్తి మిల్లు మళ్ళీ తెరుస్తున్నారని విని, నిజాంపట్నంలో ఐసు ఫ్యాక్టరీ పని మానేసి వస్తానన్నావంట. మొగుడొచ్చేస్తున్నాడని జమీలా చెల్లెమ్మ చానా సంబరంగా చెప్పింది.

మానబాకరా. తెరిచే మాట నిజమే, కానీ ఫంక్షన్ హాలుగా. జనానికి పనుల్లేకపోయినా పెళ్ళిళ్ళు ఆగవని ఓనరు బాగానే కనిపెట్టాడు. నన్ను వాచ్‌మన్‌గా ఉండమన్నాడు. టోపీ కూడా ఇస్తాడంట, చూసి నవ్వుదువుగానిలే.

చెల్లెమ్మకి నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మదు.

నిన్న మిషన్లన్నీ పాత ఇనప సామాన్ల లారీకెక్కించాం. నువ్వు ఊరొదిలి పోయేముందు తుప్పు పట్టకూడదని వాటికి పూసిన గ్రీజు నా చేతులకింకా వదల్లేదు.

నీ పక్కింటోడు