రెండో ఫోను

రౌస్ హిల్, ఆదివారం

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ ఈ పరాయి దేశంలో మేం బాగానే ఉన్నాం. ఎండలు మాడ్చేస్తున్నాయి. నువ్వు పంపిన కందిపొడి అయిపోవచ్చింది, ఈసారి కారం కాస్త తగ్గించు. నా ఆరోగ్యం గురించి బెంగ వద్దు. ఒక్క సంగతి మాత్రం వేరేవాళ్ళ నోట వినకముందే నేనే నీకు చెప్పాలి.

పక్కింటి జూడీ, రిటైరైన నర్సు, నెలకోసారి ఒక సముద్రతీరంలో చెత్త ఏరడానికి వెళ్తుంది. అడవిలోంచి కిందికి దిగాలి. అక్కడ బట్టలు లేకుండా స్నానం చెయ్యడానికి అనుమతి ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే తోచక నేనూ వెళ్ళసాగాను, నిండా బట్టలతోనే. సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, పక్షుల కాళ్ళకు చుట్టుకునే గాలం దారాలు ఏరేవాళ్ళం.

పోయిన నెల సంచులు నిండాక జూడీ "యువర్ ఛాయిస్, లవ్" అని నవ్వి స్నానం చేసేవాళ్ళ వైపు వెళ్ళింది. నేను బట్టలు రాతిమీద పెట్టి నీళ్ళలోకి దిగాను. నా గర్భసంచి ఆపరేషన్ మచ్చకు ఎండా గాలీ తగలడం అదే మొదలు. ఏడ్చాను అక్కా, హాయిగా ఉండి.

అంతలో పైన రాళ్ళమీద నుంచి తెలుగు.

"ఒరేయ్, ఆవిడ మనోళ్ళలా ఉందిరా. జూమ్ చెయ్."

మెడదాకా నీళ్ళలోకి దిగిపోయాను. నోరు మెదపకపోతే పరాయిదాన్ననుకుని పోతారు. మెదిపితే దొరికిపోతాను. కానీ ఒడ్డున ఇంకెందరో ఉన్నారు, వాళ్ళూ ఆ వీడియోలో పడి ఉంటారు. తువ్వాలు చుట్టుకుని పైకెక్కాను. ముప్పై ఏళ్ళ మగాళ్ళు ఇద్దరు.

"ఆ వీడియో నా ముందే తీసెయ్."

"సీనరీ తీస్తున్నాం ఆంటీ, ప్రామిస్," అని ఒకడు తడబడ్డాడు. రెండోవాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మీరిలా వస్తున్నట్టు ఇంట్లో తెలుసా?"

"తెలుసు. నువ్విక్కడ ఏం తీస్తున్నావో మీ ఇంట్లో తెలుసా?" అన్నాను. నా మాట అబద్ధం. మా ఆయనకు అప్పటికి ఏమీ తెలియదు.

జూడీ వచ్చి నా పక్కన నిలబడి, పోలీసులను పిలుస్తానంది. మొదటివాడు నా ముందే డిలీట్ చేశాడు. రెండోవాడు జేబులోంచి ఫోను తియ్యకుండానే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మీ మరిదికి చెప్పేశాను. కొన్నాళ్ళు హాల్లో పడుకున్నారు. ఒకరోజు అన్నం తింటూ, తలెత్తకుండా, "ఈసారి నేనూ వస్తా. చెత్త ఏరతా. బట్టలు మాత్రం విప్పను," అన్నారు.

అయినా ఫోను మోగితే ఎవరేం పంపారోనని పరుగెత్తి చూస్తున్నాను. ఆ రెండో ఫోనులో ఏముందో నాకు తెలియదు. ఎప్పుడైనా అది మన చుట్టాల గ్రూపులోకి వస్తే, నేను కాదని బుకాయించకు అక్కా. "మా చెల్లెలే, ఏం తప్పు చేసింది?" అని అడుగు.

పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. కోపమొచ్చినా ముందు దీవించు, తర్వాత తిట్టు.

నీ చెల్లెలు
సుజాత